ఆచార్య మీనాక్షిసుందరం: వాల్తేరు తీరాన వికసించిన ఒక గణిత జీవితం

మన దేశపు గణితశాస్త్రజ్ఞుల ప్రస్తావన రాగానే మనలో నూటికి తొంభైమందికి స్ఫురించే నామం శ్రీనివాస రామానుజన్‌ది. అది ఎంతయు సమంజసమే. అయితే ఒక్క మహావృక్షాన్నే చూచి యావత్తు వనాన్ని విస్మరించరాదు. రామానుజన్ తరువాతి తరంలో, మన తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా ఉంటూ, ప్రపంచ గణిత గ్రంథాలలో తన పేరును శాశ్వతంగా నిలుపుకున్న మహనీయుడు ఒకరు ఉన్నారు. ఆయనే ఆచార్య సుబ్బరామయ్య మీనాక్షిసుందరం. నేడు అమెరికాలో గాని, జర్మనీలో గాని, జపానులో గాని ఉన్నత జ్యామితిని అభ్యసించే విద్యార్థికి ఈ పేరు సుపరిచితం. మన కళాశాలల్లో గణితం ప్రధానాంశంగా చదివే విద్యార్థులలో ఎందరికి తెలుసునో చెప్పలేము. ఈ లోటును కొంతవరకైనా తీర్చాలనే సంకల్పంతో ఆయన జీవితాన్ని, ఆయన కృషికి ఆధారభూమి అయిన సంపూర్ణ మెట్రిక్ అంతరాళాల భావనను మాకు తెలిసినంతలో ఇచట వివరింపబూనుకున్నాము.

జననం, విద్యాభ్యాసం

మీనాక్షిసుందరం 1913వ సంవత్సరం అక్టోబరు 12వ తేదీన కేరళలోని త్రిచూరులో జన్మించారు. పుట్టుక చేత ఆయన తెలుగువారు కారు. కాని మనిషికి జన్మభూమి ఒకటి, కర్మభూమి ఒకటి. కర్మభూమి చేత ఆయన ముమ్మాటికీ మనవారే. ఆయన విద్యాభ్యాసం మద్రాసు నగరంలో సాగింది. పచ్చయ్యప్ప కళాశాలలోను, అటు పిమ్మట లయోలా కళాశాలలోను చదివి గణితంలో ఆనర్సు పట్టం పొందారు. తదుపరి మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. ఆనందరావు వద్ద పరిశోధన ప్రారంభించారు.

ఆనందరావు సామాన్యులు కారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రామానుజన్ ఉన్న కాలంలోనే అక్కడ హార్డీ వద్ద గణితాన్ని అభ్యసించి, స్వదేశానికి తిరిగివచ్చి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఒక తరం గణితవేత్తలను తీర్చిదిద్దిన గురువర్యులు. ఆయన అభిమాన విషయం అనంత శ్రేణుల సంకలనం. ఒకటిలో నుండి ఒకటి తీసివేసి, మరల ఒకటి కలిపి, మరల ఒకటి తీసివేస్తూ ఎంత దూరం పోయినా ఆ మొత్తం 1కి, 0కి మధ్య ఊగుతూనే ఉంటుంది. ఒకచోట నిలువదు. కాని ఆ పాక్షిక మొత్తాల సగటును తీస్తూ పోతే అది అరకు చేరుకుంటుంది. ఇట్లు నిలకడలేని శ్రేణులకు సైతం అర్థవంతమైన విలువను కల్పించే శాస్త్రమే ఆనందరావు తన శిష్యునికి ఇచ్చిన తొలి పాఠం. అనంత ప్రక్రియ ఒకటి ఎక్కడికి చేరుతుంది, చేరడానికి అసలు చోటు ఉన్నదా అన్న ప్రశ్న ఆనాటి నుండి మీనాక్షిసుందరాన్ని జీవితాంతం వెన్నాడిందనడం అతిశయోక్తి కాదు.

దూరం అంటే ఏమిటి?

ఈ ప్రశ్నను గ్రహించాలంటే ముందుగా దూరం అనే భావనను పరిశీలించాలి. మోతె నుండి మిర్యాలగూడకు పోదలచిన మనిషి సూర్యాపేట మీదుగా పోవచ్చు, కోదాడ మీదుగా పోవచ్చు. ఏ ఊరి మీదుగా చుట్టి వెళ్ళినా ఆ రెండు దూరాల మొత్తం మోతె, మిర్యాలగూడల మధ్య గల కనీస దూరం కంటె తక్కువ కాజాలదు. దీనినే త్రిభుజ అసమానత అంటారు. అట్లే మోతె నుండి మిర్యాలగూడకు ఎంత దూరమో మిర్యాలగూడ నుండి మోతెకు అంతే దూరం. రెండు స్థలాల మధ్య దూరం శూన్యమైతే అవి రెండు కావు, ఒక్కటే. ఈ మూడు గుణాలు చాలు, దూరం అనే మాటకు గణితంలో అర్థం చెప్పడానికి.

1906లో ఫ్రెంచి గణితవేత్త మారిస్ ఫ్రెషే తన పారిస్ సిద్ధాంత వ్యాసంలో ఒక సాహసం గావించాడు. దూరం ఊళ్ళ మధ్యనే, బిందువుల మధ్యనే ఉండనక్కరలేదు. పై మూడు నియమాలు పాటించినంతకాలం రెండు వక్రరేఖల మధ్య, రెండు ప్రమేయాల మధ్య కూడ దూరాన్ని నిర్వచింపవచ్చునని చూపాడు. దరిమిలా 1914లో జర్మనీ దేశస్థుడైన ఫెలిక్స్ హౌస్‌డార్ఫ్ తన ఉద్గ్రంథంలో ఇట్టి సమితులకు మెట్రిక్ అంతరాళాలనే నామకరణం చేసి ఈ శాస్త్రాన్ని పటిష్ఠం చేశాడు. ప్రమేయాలను బిందువులుగా భావించే ఈ దృష్టి ఇరవయ్యవ శతాబ్దపు గణితానికే ఒక మలుపు.

సంపూర్ణత: లేని చోటును గుర్తించే భావన

ఇక సంపూర్ణత. దీనికి మన పూర్వికుల నుండే ఒక ఉదాహరణ తీసుకుందాము. 2 యొక్క వర్గమూలాన్ని కనుగొనడానికి ఒక సులభోపాయం ఉన్నది. ఏదో ఒక సంఖ్యను అనుకొని, దానితో 2ను భాగించి, వచ్చిన భాగఫలానికి, అనుకున్న సంఖ్యకు సగటు తీయాలి. ఆ సగటుతో అదే పనిని మరల చేయాలి. 1తో ప్రారంభిస్తే 3/2 వస్తుంది. దాని నుండి 17/12 వస్తుంది. దాని నుండి 577/408 వస్తుంది. వేదకాలపు యజ్ఞవేదికల నిర్మాణానికై రచింపబడిన శుల్బసూత్రాలలో చెప్పబడిన విలువ సరిగా ఈ 577/408కే సమానం కావడం మనకు గర్వకారణం. 577 వర్గం 3,32,929. 408 వర్గానికి రెట్టింపు 3,32,928. తేడా కేవలం 1!

ఈ అనుక్రమంలోని సంఖ్యలు ఒకదానికొకటి అంతకంతకు దగ్గరవుతూ పోతాయి. వెనుకటి రెండింటి మధ్య దూరం కంటె ముందటి రెండింటి మధ్య దూరం ఎప్పుడూ సగానికి మించదు. ఇట్లు తమలో తాము చేరువవుతూ పోయే అనుక్రమాన్ని కోషీ అనుక్రమం అంటారు. ఈ సంఖ్యలన్నీ భిన్నాలే, అనగా అకరణీయ సంఖ్యలే. కాని అవి చేరవలసిన గమ్యం, అనగా 2 వర్గమూలం, భిన్నం కాదు. భిన్నాలు మాత్రమే ఉన్న లోకంలో ఈ యాత్రికులు ఎంత చేరువైనా, ఎంత కాలం నడచినా, చేరడానికి చోటు లేదు. గమ్యం ఉండవలసిన చోట ఒక రంధ్రం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో కాంటర్, డెడికిండ్ మొదలైన వారు ఆ రంధ్రాలన్నిటిని పూడ్చి వాస్తవ సంఖ్యలను నిర్మించారు. ఏ అంతరాళంలో ప్రతి కోషీ అనుక్రమానికి ఆ అంతరాళంలోనే అవధి లభిస్తుందో దానిని సంపూర్ణ మెట్రిక్ అంతరాళం అంటారు. అకరణీయ సంఖ్యలది అసంపూర్ణ లోకం. వాస్తవ సంఖ్యలది సంపూర్ణ లోకం.

దీని ప్రయోజనమేమని ప్రశ్నింపవచ్చు. ప్రకృతి నియమాలను తెలిపే అవకలన సమీకరణాలలో అత్యధిక భాగం ఒక్క వాక్యంలో సాధింపదగినవి కావు. ఒక అంచనాతో ప్రారంభించి, దానిని సవరించి, సవరించిన దానిని మరల సవరిస్తూ పోవడమే మార్గం. పోలెండు దేశపు స్టెఫాన్ బనాక్ 1920లో సమర్పించి 1922లో ప్రకటించిన సిద్ధాంత వ్యాసంలో ఈ మార్గానికి సాధారణ సూత్రాన్ని అందించాడు. సంపూర్ణ మెట్రిక్ అంతరాళంలో ఒక ప్రమేయం ప్రతి రెండు బిందువుల మధ్య దూరాన్ని ఒకటి కంటె తక్కువైన ఒక స్థిర నిష్పత్తిలోనో, అంతకంటె ఎక్కువగానో కుదించేదైతే, తన స్థానం మారని బిందువు దానికి ఒక్కటి, ఒకే ఒక్కటి ఉంటుంది. ఎక్కడ నుండి బయలుదేరినా ఆ బిందువుకే చేరుకుంటాము. పైన చెప్పిన సగటు విధానం 1కి, 2కి మధ్య అట్టి సంకోచన ప్రమేయమే. కాని భిన్నాలకే పరిమితమైతే ఆ స్థిర బిందువు లేకుండా పోతుంది. ప్రమేయంలో లోపం లేదు, ప్రయత్నంలో లోపం లేదు, అంతరాళంలోనే లోపం. సంపూర్ణత అనే గుణం గణితంలో ఇంత ప్రధానమైనది కావడానికి కారణం ఇదే. సమాధానం మన చేతికి రాకముందే, సమాధానం తప్పక ఉన్నదనే భరోసాను అది మనకు ఇస్తుంది.

హైదరాబాదు నుండి మద్రాసుకు ఒక వెలుగు

మీనాక్షిసుందరం పరిశోధనను మలుపు తిప్పిన కృషి మన హైదరాబాదులో జరిగిందన్న సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా సంతోషం కలిగిస్తుంది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆ రోజులలో ఉన్నత విద్య అంతయు ఉర్దూ మాధ్యమంలోనే సాగేది. అనువాద శాఖ అయిన దారుల్ తర్జుమా ద్వారా విజ్ఞాన గ్రంథాలు ఉర్దూలోకి తేబడినవి. ఆ విశ్వవిద్యాలయంలోనే చదివి, కేంబ్రిడ్జికి వెళ్ళి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో డాక్టరేటు పొంది, తిరిగివచ్చి అక్కడనే గణితాచార్యులైనవారు డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ. 1908లో హైదరాబాదులో జన్మించిన ఆ విద్వాంసుడు ఉర్దూలో విజ్ఞాన గ్రంథాలు రచించారు. 1950లో పాకిస్తానుకు వెళ్ళి, ఇస్లామాబాదు విశ్వవిద్యాలయానికి ప్రథమ ఉపాధ్యక్షులై, 1998లో కాలధర్మం చెందారు.

సిద్దీఖీ సాహెబు 1930 దశకంలో వేడిమి ప్రసరణకు సంబంధించిన పారాబోలిక్ రకపు పాక్షిక అవకలన సమీకరణాలను, అందును సరళరేఖీయం కాని కఠినమైన వాటిని, పరిశీలించారు. తెలియని సమాధానాన్ని ఫూరియే శ్రేణిగా వ్రాసి, ఆ శ్రేణి గుణకాలకై అనంత సంఖ్యాకమైన సమాకలన సమీకరణాల వ్యవస్థను ఏర్పరచి, దానిని సాధించడం ఆయన ఎన్నుకున్న మార్గం. ఒక్క తెలియని ప్రమేయానికి బదులు అనంత సంఖ్యలో గుణకాలు! ఇట్టి పని ముందుకు సాగాలంటే ఆ గుణకాల అనుక్రమాలన్నీ నివసించే అంతరాళం సంపూర్ణమైనదై ఉండాలి. 1907లో రీస్, ఫిషర్ అనే ఇద్దరు వేర్వేరుగా నిరూపించిన సిద్ధాంతం ఇట్టి ప్రమేయాల అంతరాళం సంపూర్ణమని తెలిపింది.

మీనాక్షిసుందరం ఈ మార్గాన్ని చేపట్టి మరింత ముందుకు తీసుకుపోయారు. 1940లో ఆయనకు మద్రాసు విశ్వవిద్యాలయం డి.ఎస్‌సి. పట్టాన్ని తెచ్చిపెట్టిన కృషి ఇదే. ఉర్దూ మాధ్యమంగా గల విశ్వవిద్యాలయంలో వెలిగిన దీపం నుండి మద్రాసులోని ఒక యువకుడు తన దీపాన్ని వెలిగించుకున్నాడు. ఆ వెలుగు పిమ్మట వాల్తేరుకు వచ్చి తెలుగు విద్యార్థులకు పంచబడింది. విజ్ఞానానికి మత భాషా భేదాలు లేవనే మాటను మనం ఉపన్యాసాలలో తరచు వింటాము. ఇచట అది ఉపన్యాసం కాదు, జరిగిన చరిత్ర.

ఫాదర్ రసీన్ స్నేహం, ఉద్యోగాన్వేషణ

ఈ దశలో ఆయనకు లభించిన మరొక ఆలంబనం ఫాదర్ చార్లెస్ రసీన్. ఫ్రాన్సు దేశపు జెసూట్ మతాచార్యులైన ఈయన మహాగణితజ్ఞుడు ఎలీ కార్తాన్ వద్ద డాక్టరేటు పొంది 1937లో భారతదేశానికి వచ్చి, తిరుచిరాపల్లిలో కొంతకాలం ఉండి, 1939లో మద్రాసు లయోలా కళాశాలకు మారారు. ఆనాడు మన దేశంలో గణిత బోధన చాలవరకు ఇంగ్లండు పరీక్షా పద్ధతికే అంటిపెట్టుకొని ఉండేది. ఫ్రెషే, బనాక్, లెరే మొదలైన ఐరోపా ఖండపు గణితవేత్తల నూతన భావాలు ఇచటి విద్యార్థులకు సుదూరం. వాటిని తెచ్చి మద్రాసు యువకుల ముందుంచిన పుణ్యం ఫాదర్ రసీన్‌ది. మీనాక్షిసుందరం ఆయన సాంగత్యం వలన ఎంతో ప్రయోజనం పొందారు.

అయితే ప్రతిభ ఒకటి, జీవనోపాధి మరొకటి. డి.ఎస్‌సి. పట్టం చేతనున్నా ఆయనకు తగిన ఉద్యోగం వెంటనే లభించలేదు. పరీక్షలకు హాజరయ్యే విద్యార్థులకు పాఠాలు చెప్పి పొట్టపోసుకోవలసి వచ్చింది. పగలంతా పరీక్ష లెక్కలు, రాత్రి అనంత సమీకరణాలు. ఆ దినాలు ఆయన జీవితంలో అత్యంత క్లిష్టమైనవి. నిరాశ చెంది పరిశోధనను విడిచిపెట్టి ఏదో ఒక కచ్చేరీలో గుమాస్తాగా కుదురుకున్న మేధావులు మన దేశంలో కోకొల్లలు. వారి పేర్లు చరిత్రలో ఉండవు. మీనాక్షిసుందరం పేరు ఆ అజ్ఞాతుల జాబితాలో చేరకుండా కాపాడినది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లభించిన అధ్యాపక పదవి. ఒక విద్యాసంస్థ ఒక మనిషికి ఇచ్చిన చిన్న చోటు ప్రపంచ గణితానికి ఎంత మేలు చేసిందో రాబోవు పంక్తులలో చూడగలము.

1926లో స్థాపితమై, కట్టమంచి రామలింగారెడ్డిగారి సారథ్యంలో వాల్తేరులో వేళ్ళూనుకున్న ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అది పరీక్షాకాలం. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేసినవి. తత్ఫలితంగా విశ్వవిద్యాలయాన్ని తాత్కాలికంగా గుంటూరుకు తరలింపవలసి వచ్చింది. అట్టి ఒడుదుడుకులలో కూడ ఇచటి గణితశాఖ తన దీక్షను విడనాడలేదు. ఆ దశకపు ఉత్తరార్ధంలో హార్డీ శిష్యుడైన టి. విజయరాఘవన్ వంటి ఉద్దండులు సైతం వాల్తేరులో ఆచార్యులుగా ఉన్నారు.

ప్రిన్స్‌టన్ ప్రయాణం

యుద్ధం ముగిసిన వెంటనే 1946లో మీనాక్షిసుందరానికి అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఉన్నత పరిశోధనా సంస్థలో సభ్యత్వం లభించింది. ఐన్‌స్టీన్ మొదలైన దిగ్దంతులు నివసించిన సంస్థ అది. రెండు సంవత్సరాల ఆ నివాసంలో ఆయనకు స్వీడను దేశీయుడైన ఓకె ప్లేయెల్‌తో పరిచయం కలిగింది. ఇద్దరి ఆసక్తులు కలిసినవి. ఇద్దరూ కలిసి వ్రాసిన వ్యాసం 1949లో, అప్పుడే పుట్టిన కెనడా గణిత పత్రిక ప్రథమ సంపుటంలో ప్రచురితమైనది. రీమన్ తలాలపై లాప్లాస్ కారకం యొక్క లాక్షణిక ప్రమేయాల ధర్మాలు ఆ వ్యాస విషయం. అదే సంపుటంలో ఆయన ఒంటరిగా వ్రాసిన మరొక వ్యాసం కూడ వెలువడినది. పదిహేను పుటలైనా మించని ఆ జంట వ్యాసమే ఆయన కీర్తికి మూలస్తంభం.

దాని సారాంశాన్ని సులభంగా చెప్ప ప్రయత్నిస్తాము. తబలాను గాని, మృదంగాన్ని గాని తట్టినప్పుడు ఒక్క నాదం కాదు, అనేక నాదాలు కలిసి వెలువడతాయి. ప్రతి నాదానికి ఒక నియతమైన స్పందన సంఖ్య ఉంటుంది. ఈ సంఖ్యలు వాద్యపు చర్మం ఆకారాన్ని, పరిమాణాన్ని, బిగింపును అనుసరించి ఉంటాయి. విశాఖపట్నంలో బాల్యం గడపిన సర్ సి. వి. రామన్ మన మృదంగ, తబలాల నాదాలపై ప్రసిద్ధ పరిశోధన చేసిన సంగతి విదితమే. గణితవేత్తలు ఈ భావాన్ని చర్మానికే పరిమితం చేయక, గోళం వంటి అంచులేని తలాలకు, మన కంటికి కానరాని బహుపరిమాణ తలాలకు కూడ విస్తరింపజేశారు. ఆ తలం మోగితే వెలువడే స్పందన సంఖ్యల వర్గాలే దాని లాక్షణిక మూల్యాలు. అవి అనంతం. వాటి పెరుగుదల తీరు ఆ తలపు వైశాల్యాన్ని తెలుపుతుందని 1911లో హెర్మన్ వైల్ నిరూపించి ఉన్నాడు. 1934లో స్వీడనుకు చెందిన కార్లెమన్ ఆ పనిని మరొక మెట్టు ఎక్కించాడు.

మీనాక్షిసుందరం, ప్లేయెల్ వేడిమిని సాధనంగా తీసుకున్నారు. తలంపై ఒక బిందువు వద్ద వేడిమిని ఉంచి, అతి స్వల్ప కాలం గడచిన పిమ్మట అదే బిందువు వద్ద ఎంత మిగిలి ఉన్నదని ప్రశ్నించాలి. ఆ స్వల్పకాలంలో వేడిమి దూరప్రాంతాలను చూడదు. ఆ బిందువు పరిసరాలలో తలం ఎట్లు వంగి ఉన్నదో దానినే చవిచూస్తుంది. కనుక మిగిలిన వేడిమిని కాలపు ఘాతాంకాలలో విస్తరింపజేసి వ్రాస్తే, ఒక్కొక్క పదం తలపు జ్యామితిని గురించి ఒక్కొక్క రహస్యం చెబుతుంది. తలమంతటా కూడినప్పుడు మొదటి పదం వైశాల్యాన్ని, తరువాతి పదాలు వక్రతను తెలుపుతాయి. మరొక వంక, అదే మొత్తాన్ని లాక్షణిక మూల్యాల ద్వారా కూడ వ్రాయవచ్చు. ఒకే రాశికి రెండు రూపాలు. ఒకటి నాదం, ఒకటి ఆకారం. ఈ సమీకరణమే నాదం నుండి ఆకారానికి వేసిన వంతెన.

ఇంతటితో ఆగక, లాక్షణిక మూల్యాలను రీమన్ జీటా ప్రమేయం తీరులో కూర్చి ఒక క్రొత్త జీటా ప్రమేయాన్ని వారు పరిశీలించారు. ఆ శ్రేణి సమతలంలో ఒక అర్ధభాగంలోనే అభిసరిస్తుంది. కాని ప్రమేయాన్ని మాత్రం కొన్ని ప్రత్యేక బిందువులు మినహా సమతలమంతటికి విస్తరింపజేయవచ్చునని నిరూపించారు. నేడు ప్రపంచమంతట దీనిని మీనాక్షిసుందరం-ప్లేయెల్ జీటా ప్రమేయమని వ్యవహరిస్తారు. ఆనందరావుగారి వద్ద నేర్చిన శ్రేణుల విద్య, సిద్దీఖీ చూపిన వేడిమి సమీకరణాల మార్గం, ఫాదర్ రసీన్ పరిచయం చేసిన నూతన దృష్టి, ఈ మూడు నదులు ఒక్కచోట సంగమించినవని మేము భావిస్తాము.

ఇందులో సంపూర్ణత ఎచట ఉన్నది? రెండు చోట్ల. వారు ఎన్నుకున్న తలం అంచులేనిది, పరిమితమైనది. దానిపై దూరాన్ని కొలిచినప్పుడు అది సంపూర్ణ మెట్రిక్ అంతరాళమవుతుంది. దానిలో రంధ్రాలు లేవు గనుక వేడిమి ఎచటికీ జారిపోదు. అట్టి సంపూర్ణ తలంపై ఎంత దూరమైనా నిరాటంకంగా నడవవచ్చునని హాఫ్, రినో అనేవారు 1931లో నిరూపించి ఉన్నారు. ఇక రెండవది, ఆ తలంపై గల ప్రమేయాల అంతరాళం. అనంత లాక్షణిక ప్రమేయాలను కూడినప్పుడు ఆ మొత్తం ఎచటనో ఉండాలి గదా! ఆ ప్రమేయాల అంతరాళం సంపూర్ణం కావడం చేతనే ఆ మొత్తానికి నివాసం లభించింది. నేల సంపూర్ణం, నేలపై ఆలోచన సంపూర్ణం. ఈ రెండు సంపూర్ణతల మీదనే ఆ వంతెన నిలిచి ఉన్నది.

తిరిగి వాల్తేరుకు

అమెరికా నుండి తిరిగివచ్చి మీనాక్షిసుందరం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని అలంకరించారు. పెద్ద గ్రంథాలయాలు, తోటి పరిశోధకులు, తీరిక పుష్కలంగా గల ప్రిన్స్‌టన్ ఎక్కడ! విదేశీ పత్రిక ఒకటి ఓడలో రావడానికి నెలలు పట్టే ఆనాటి వాల్తేరు ఎక్కడ! అయినను ఆయన ఇచటనే తన బోధనను, పరిశోధనను కొనసాగించారు. 1952లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయం ద్వారా టైపికల్ మీన్స్ అనే గ్రంథం వెలువడినది. నిలకడలేని శ్రేణులకు సగటుల ద్వారా విలువ కట్టే ఆయన తొలినాటి అభిమాన శాస్త్రమే దానికి విషయం. ఆ గ్రంథానికి సహ రచయిత కొమరవోలు చంద్రశేఖరన్. 1920లో మచిలీపట్నంలో జన్మించి, బొంబాయిలోని టాటా సంస్థ గణిత విభాగాన్ని ప్రపంచ స్థాయికి తెచ్చిన తెలుగువాడు ఆయన. ఇరువురి పేర్లు ఒక్క అట్టపై ఉండడం తెలుగువారికి ముచ్చట గొలిపే విషయం.

ఆచార్య మీనాక్షిసుందరం 1968 ఆగస్టులో, యాభై ఐదవ ఏడు నిండకుండానే పరమపదించారు. ఆయన కృషికి పూర్తి ఫలం పండకముందే ఈ మరణం సంభవించడం విచారకరం.

మరణానంతర కీర్తి

ఏలననగా, సరిగా ఆ సంవత్సరాలలోనే ఆయన 1949 వ్యాసం వైపు ప్రపంచపు దృష్టి మరలసాగింది. 1966లో మార్క్ కాట్స్ అనే గణితవేత్త, మృదంగపు నాదాన్ని వినినంత మాత్రాన దాని ఆకారాన్ని చెప్పగలమా అనే ప్రశ్నను లోకం ముందుంచాడు. 1967లో మెక్‌కీన్, సింగర్ అనేవారు మీనాక్షిసుందరం, ప్లేయెల్‌ల విస్తరణనే ఆధారంగా తీసుకొని, అంచులేని తలానికి ఎన్ని రంధ్రాలున్నవో నాదం ద్వారానే తెలుసుకొనవచ్చునని చూపారు. 1971లో బొంబాయి టాటా సంస్థకు చెందిన విజయకుమార్ పటోడీ అనే ఇరవై ఆరేండ్ల యువకుడు ఈ వేడిమి మార్గంలో పయనించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన ఫలితాలు సాధించాడు. దాని పర్యవసానంగా అతియా, సింగర్‌ల సుప్రసిద్ధ సూచికా సిద్ధాంతానికి క్రొత్త నిరూపణ లభించింది. 1977లో స్టీఫెన్ హాకింగ్ భౌతికశాస్త్రంలో అనంతంగా కనిపించే రాశులకు అర్థం కల్పించడానికి ఇట్టి జీటా ప్రమేయాలనే వినియోగించాడు. చివరకు 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ అనే ముగ్గురు, ఒకే నాదం గల రెండు వేర్వేరు ఆకారాలను నిర్మించి, కాట్స్ ప్రశ్నకు కాదనే సమాధానం చెప్పారు. వైశాల్యం వినవచ్చును, రంధ్రాలను వినవచ్చును, ఆకారాన్ని మాత్రం పూర్తిగా వినలేము. ఈ సుదీర్ఘ యాత్రలో ప్రతి మజిలీ వద్దను మన వాల్తేరు ఆచార్యుని పేరు వినిపిస్తూనే ఉన్నది.

మనకు సందేశం

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఏమిటి? ఒక్కటి చెప్పి ముగిస్తాము. భిన్నాల లోకంలో 2 వర్గమూలం కోసం నడచిన సంఖ్యలు ఎంత శ్రమించినా గమ్యం చేరలేకపోవడానికి కారణం వాటి లోపం కాదు, వాటి లోకపు లోపమని పైన చూచాము. ప్రతిభావంతులైన యువతీయువకుల విషయమూ అంతే. మోతె వంటి పల్లెల నుండి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల నుండి ప్రతి ఏటా ఎందరో పేద విద్యార్థులు, అందును అల్పసంఖ్యాక వర్గాల బాలబాలికలు, తమ శక్తిమేరకు ముందుకు నడుస్తున్నారు. పరీక్ష తరువాత పరీక్ష నెగ్గుతూ గమ్యానికి చేరువవుతున్నారు. చివరి అడుగు వేయడానికి చోటు లేక, పుస్తకం లేక, చెప్పే గురువు లేక, ఇంటి అవసరాలు తీర్చవలసి వచ్చి ఆగిపోతున్నారు. మీనాక్షిసుందరం కూడ అట్లే ఆగిపోవలసినవారు. ఒక విశ్వవిద్యాలయం, ఒక ఫాదర్ రసీన్ ఆ రంధ్రాన్ని పూడ్చారు. విద్యాసంస్థ అంటే ఇదే. అది ప్రతిభను సృష్టించదు. నడచివచ్చిన ప్రతిభకు చేరుకొనే చోటు కల్పిస్తుంది.

కావున మన కళాశాల పాలక సంఘంవారికి ఒక సవినయ మనవి. గ్రంథాలయంలో పాఠ్యపుస్తకాలతో పాటు ఉన్నత గణిత గ్రంథాలకు ఒక బీరువా కేటాయించవలసినదిగా, వారానికి ఒక సాయంత్రం పరీక్షతో సంబంధం లేని గణిత గోష్ఠికి ఒక గది తెరచి ఉంచవలసినదిగా కోరుతున్నాము. ఖర్చు స్వల్పం. ఫలితం ఎప్పుడు, ఎవరి ద్వారా వస్తుందో ముందుగా చెప్పలేము. 1949లో వెలువడిన పదిహేను పుటల ఫలితం ఎంతటిదో లోకానికి తెలియడానికి దాదాపు ఇరవై ఏండ్లు పట్టింది.

ఇక విద్యార్థులకు మా మాట. మన మాతృభాష ఉర్దూ అని గాని, తెలుగు అని గాని, ఉన్నత గణితం మనకు అందనిదని భావించరాదు. హైదరాబాదులో ఉర్దూలో పాఠం చెప్పిన ఆచార్యుని కృషి, మద్రాసులో తమిళుల మధ్య పెరిగిన యువకుని చేతిలో పెరిగి, తెలుగునాటికి వచ్చి, ప్రపంచమంతటికి ఉపకరించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ గణితానికి తెలుగు పుస్తకాలను సమకూర్చింది. సంపూర్ణ మెట్రిక్ అంతరాళాల అధ్యాయం వచ్చినప్పుడు దానిని మార్కుల కోసం వల్లెవేసి వదలక, ఒక్క సాయంత్రం కాగితం, కలం తీసుకొని కూర్చొని, 1 నుండి 3/2కు, 3/2 నుండి 17/12కు, అక్కడ నుండి 577/408కు మీరే లెక్కించండి. మీ చేతితో మీరు వేసిన ఆ నాలుగవ అడుగు శుల్బసూత్రకారుల అడుగుజాడలలోనే పడుతుంది. అయిదవ అడుగు మీది.